మూడు వేల లెక్కలు చేసినా క్వాంట్ మార్కులు కదలకపోతే ఏం చేయాలి?

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. ఇతరులకు కూడా ఉపయోగపడుతుంది కనుక దాని సారాన్ని ముందుగా చెప్పి, తర్వాత సమాధానంలోకి వెళ్తాను. మీరు గుంటూరులో బీకాం పూర్తి చేసి, విజయవాడలో ఉద్యోగానికి రోజూ రైల్లో వచ్చి వెళ్తున్నారు. ఈ నవంబరులో ఐఐఎంల ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్ రాయాలని ఐదు నెలలుగా సాధన చేస్తూ ఇప్పటికి సుమారు మూడు వేల లెక్కలు చేశారు. అయినా మాక్ టెస్టుల్లో క్వాంట్, అంటే గణితం విభాగంలోని 22 ప్రశ్నల్లో పన్నెండింటికి జవాబు పెడితే ఆరు ఒప్పు, ఆరు తప్పు అవుతున్నాయి. రోజుకు ఇంకా ఎన్ని లెక్కలు చేయాలి, పదో తరగతితో గణితం వదిలేసిన మీరు బీటెక్ వాళ్లతో పోటీ పడగలరా, ఏ షార్ట్‌కట్లు బట్టీ పట్టాలి అన్నవి మీరు అడిగిన మూడు ప్రశ్నలు. విజయవాడలో పద్దెనిమిదేళ్లుగా ఈ పరీక్షలకు గణితం చెబుతున్నాను. మీ పరిస్థితిలో ఉన్నవారిని ప్రతి బ్యాచ్‌లోనూ చూశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు నా సమాధానం ఇది: లెక్కల సంఖ్య పెంచకండి, తగ్గించండి. వచ్చే ఆరు వారాలు కొత్త పుస్తకం కొనవద్దు, కొత్త షీట్లు తీసుకోవద్దు. మీరు చేసిన ఆ మూడు వేల లెక్కల్లో ఎన్నింటిని ఈ రోజు తెల్ల కాగితం ముందు కూర్చుని, ఎవరి సాయమూ లేకుండా మొదటి నుంచి చివరి దాకా చేయగలరో ముందు తేల్చుకోవాలి. దానికి ఒక ఆదివారం పూట చాలు. పాత నోట్సులోంచి రెండు నెలల కిందటి లెక్కలు ఇరవై తీసి, ప్రశ్నలు మాత్రమే వేరే కాగితం మీద రాసుకుని, గంట సేపు కూర్చోండి.

నేను బోధన మొదలుపెట్టిన తొలి ఏళ్లలో రోజుకు వంద బిట్ల షీటు ఇచ్చేవాడిని. పిల్లలు రాత్రి పన్నెండింటి దాకా కూర్చుని వాటిని పూర్తి చేసుకుని వచ్చేవారు, నాకూ తృప్తిగా ఉండేది. ఒకసారి ఒక బ్యాచ్‌కు నెల కిందట చేసిన షీట్లలోంచే ఇరవై లెక్కలు, ఒక్క అంకె కూడా మార్చకుండా, మళ్లీ పరీక్షగా పెట్టాను. తరగతిలో ఎక్కువమంది పది కూడా చేయలేకపోయారు. ఆ పిల్లలు బద్ధకస్తులు కారు. లెక్క రాకపోతే రెండు నిమిషాలు చూసి, వెనక పేజీలో సొల్యూషన్ చదివి, అర్థమైందనుకుని, టిక్కు పెట్టి ముందుకు సాగేవారు. సొల్యూషన్ చదువుతున్నప్పుడు ప్రతి అడుగూ సబబుగానే తోస్తుంది, తర్వాతి అడుగు అదే కావాలని మనకు ముందే తెలుసునన్నట్టు ఉంటుంది. ఒకరు వేసిన దారి వెంట నడవడం వేరు, నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి ఏ దారి పట్టాలో మనమే తేల్చుకోవడం వేరు. పరీక్షలో అడిగేది ఈ రెండోదే, మూడు వేల లెక్కల్లో మీరు ఎక్కువగా సాధన చేసింది మొదటిది.

దీనికి మందు ఏమిటంటే, తక్కువ లెక్కలను ఎక్కువసార్లు చేయడం. 2017 నుంచి 2024 దాకా క్యాట్‌లో నిజంగా అడిగిన ప్రశ్నలే మీకు చాలినన్ని ఉన్నాయి. 2017, 2018, 2019లలో ఏడాదికి రెండు విడతలుగా పరీక్ష జరిగింది, క్వాంట్‌లో విడతకు 34 ప్రశ్నలు ఉండేవి. 2020లో మూడు విడతలు, విడతకు 26 ప్రశ్నలు. 2021 నుంచి 2024 దాకా మూడు విడతలు, విడతకు 22. లెక్క కడితే 204, 78, 264, మొత్తం 546 ప్రశ్నలు. ఈ 546 ప్రశ్నలను మూడుసార్లు చేసిన విద్యార్థిని, బజార్లో దొరికే ప్రతి పుస్తకాన్నీ ఒక్కోసారి తిరగేసిన విద్యార్థితో పోలిస్తే, నేను ఎప్పుడైనా మొదటి వారి వైపే ఉంటాను. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాల ముందు ప్రతి వేసవిలోనూ పిల్లలు నాలుగైదు లావుపాటి క్వాంట్ పుస్తకాలు చేతుల నిండా మోసుకుపోవడం చూస్తుంటాను. వాటిలో చాలా పుస్తకాలకు మొదటి రెండు చాప్టర్ల దగ్గరే పెన్సిల్ గీతలు ఆగిపోయి ఉంటాయి.

అయితే మూడుసార్లు చేయడం అంటే జవాబు గుర్తు తెచ్చుకుని రాయడం కాదు. ఒక లెక్కతో ఎంతసేపు ఉండాలో, ఎలా ఉండాలో ఒక ఉదాహరణతో దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే మీ మూడో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. ఒకరు గుంటూరులోని ఇంటి నుంచి విజయవాడలోని ఆఫీసుకు స్కూటరు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 12 నిమిషాలు ఆలస్యంగా చేరతారు, 45 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 12 నిమిషాలు ముందుగా చేరతారు. సరిగ్గా సమయానికి చేరాలంటే ఎంత వేగంతో వెళ్లాలి?

ఈ లెక్క ఇచ్చిన ప్రతిసారీ తరగతిలో మొదట వినిపించే జవాబు 37.5. అది ముప్పైకీ నలభై అయిదుకీ సగటు. ఆలస్యమైన నిమిషాలూ, ముందుగా చేరిన నిమిషాలూ సమానం కనుక వేగం కూడా నడిమధ్యన ఉంటుందని మనసు తొందరపడుతుంది. కానీ ఇక్కడ నడిమధ్యన ఉన్నది సమయం. ఒకే దూరానికి వేగం పెరిగితే సమయం తగ్గుతుంది గానీ, రెండూ ఒకే కొలతలో సమానంగా కదలవు. కొంత జాగ్రత్తగా చేసేవారు దూరాన్ని ఒక అక్షరం, సరైన సమయాన్ని ఇంకో అక్షరం అనుకుని రెండు సమీకరణాలు రాస్తారు. దూరాన్ని 30తో భాగిస్తే వచ్చేదానికీ, 45తో భాగిస్తే వచ్చేదానికీ తేడా 24 నిమిషాలు, అంటే గంటలో అయిదింట రెండు వంతులు. అందులోంచి దూరం 36 కిలోమీటర్లు, సరైన సమయం గంట, కావలసిన వేగం 36 అని తేలుతుంది. తప్పేమీ లేదు, కానీ భిన్నాలతో కుస్తీ పట్టడానికి రెండు నిమిషాలు పోతాయి.

ఇప్పుడు అదే లెక్కను నిష్పత్తిగా చూడండి. వేగాలు 30, 45 అంటే 2కు 3. దూరం ఒకటే కనుక సమయాలు 3కు 2. ఈ రెండింటికీ మధ్య తేడా ఒక వంతు, ఆ ఒక వంతే 24 నిమిషాలు. అంటే నెమ్మదిగా వెళ్తే 72 నిమిషాలు, వేగంగా వెళ్తే 48 నిమిషాలు, సమయానికి చేరాలంటే 60 నిమిషాలు. గంటకు 30 చొప్పున 72 నిమిషాల్లో వెళ్లే దూరం 36 కిలోమీటర్లు, దానిని 60 నిమిషాల్లో వెళ్లాలి కనుక వేగం 36. కలం కూడా అవసరం లేదు.

ఇక షార్ట్‌కట్ల జాబితాల్లో ఈ లెక్కకు ఒక సూత్రం ఉంటుంది: రెండు వేగాల లబ్ధాన్ని రెట్టింపు చేసి, వాటి మొత్తంతో భాగించండి అని. రెండు వేల ఏడు వందలను 75తో భాగిస్తే 36, పది సెకన్లలో జవాబు వచ్చేసింది. దీనిని బట్టీ పట్టినవారికి నేను వెంటనే ఇచ్చే రెండో లెక్క ఏమిటంటే, వేగాలు అవే, కానీ ఆలస్యం 16 నిమిషాలు, ముందు చేరడం 8 నిమిషాలు. సూత్రం పట్టుకున్నవారు మళ్లీ 36 అంటారు. నిష్పత్తి పట్టుకున్నవారు, తేడా మళ్లీ 24 నిమిషాలే కనుక సమయాలు 72, 48 అనీ, అయితే సరైన సమయం ఈసారి 56 నిమిషాలు అనీ, 36 కిలోమీటర్లను 56 నిమిషాల్లో వెళ్లాలంటే వేగం గంటకు సుమారు 38.6 అనీ చెబుతారు. ఆలస్యమూ, ముందు చేరడమూ సమానంగా ఉన్నప్పుడే ఆ సూత్రం పనికివస్తుందన్న షరతు జాబితాలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా అసలు ఉండదు. క్యాట్ ప్రశ్న తయారుచేసేవారు ఆ షరతునే తొలగించి అడుగుతారు, ఆప్షన్లలో 36ను కూడా తప్పకుండా పెడతారు. కాబట్టి షార్ట్‌కట్లను వద్దనను గానీ, ఒక లెక్కను పూర్తిగా చేసి, దానిలోంచి ఆ షార్ట్‌కట్ ఎలా పుట్టిందో మీ అంతట మీరు చూపగలిగితేనే దానిని వాడండి. మిగిలినవాటిని నోట్సులోంచి కొట్టివేయండి.

ఒక్క లెక్కను ఇలా నాలుగు వైపుల నుంచి చూసి, అంకెలు మార్చి మళ్లీ చేసేసరికి ముప్పావుగంట గడిచిపోవచ్చు. ఆ ముప్పావుగంటలో ఇరవై బిట్లు చేయవచ్చు కదా అనిపిస్తుంది. కానీ కాలం, దూరం, పని, కుళాయిలు, పడవలు అంటూ పుస్తకాల్లో వేర్వేరు చాప్టర్లుగా ఉన్న సగం లెక్కలు ఈ ఒక్క ఆలోచన మీదే నడుస్తాయి.

మన ప్రాంతంలో ఎవరికైనా చెప్పదగ్గ ఇంకొక లెక్క మిరపకాయలది. కోసిన పండు మిరపకాయల్లో నీరు 73 శాతం ఉందనుకుందాం, కల్లంలో ఆరబెట్టాక 10 శాతం మిగిలిందనుకుందాం. వంద కిలోల పండు కాయలు ఎండితే ఎన్ని కిలోలవుతాయి? చాలామంది 73లోంచి 10 తీసి, 63 కిలోల నీరు పోయింది కనుక 37 కిలోలు అంటారు. పల్నాడు వైపు మిర్చి పండించే కుటుంబం నుంచి వచ్చిన ఒక విద్యార్థి మాత్రం కాగితం కూడా ముట్టుకోకుండా, “సార్, ఆరబెడితే నీళ్లే పోతాయి గానీ కాయ ఎక్కడికీ పోదు కదా” అన్నాడు. లెక్క మొత్తం ఆ మాటలో ఉంది. నీరు కాని భాగం 27 కిలోలు, అది మారదు. ఎండిన తర్వాత ఆ 27 కిలోలే మొత్తంలో 90 శాతం అవుతుంది, కాబట్టి ఎండు కాయలు 30 కిలోలు. మొదటి 73 శాతం వందకు లెక్క, తర్వాతి 10 శాతం వేరే మొత్తానికి లెక్క, ఆ రెండింటినీ ఒకదానిలోంచి ఒకటి తీయకూడదు. శాతాల లెక్క చదవగానే “ఇది దేనిలో శాతం” అని, మిశ్రమాల లెక్క చదవగానే “ఇందులో మారనిది ఏది” అని మిమ్మల్ని మీరు అడిగే అలవాటు చేసుకుంటే, మీ ఆరు తప్పుల్లో ఒకటి రెండైనా అక్కడే ఆగిపోతాయి.

తప్పుల సంగతి వచ్చింది కనుక, నేను అందరి చేతా పట్టుబట్టి చేయించే పని ఒకటి చెబుతాను. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి. ఎడమ పేజీలో తప్పు పోయిన ప్రశ్నను పూర్తిగా మీ చేతిరాతతో రాయండి. కుడి పేజీలో సరైన సొల్యూషన్ రాయకండి. అక్కడ మొదట మీకు ఏమి తోచిందో, ఏ అడుగు దగ్గర దారి తప్పిందో రెండు మూడు వాక్యాల్లో రాయండి. “కేర్‌లెస్ మిస్టేక్” అని రాసి వదలకండి, ఆ మాట ఏమీ చెప్పదు. “వ్యాసార్థం అడిగితే వ్యాసం ఇచ్చాను” అనో, “ధన పూర్ణాంకాలు అన్న మాట చదవకుండా సున్నాను కలిపాను” అనో, “సమీకరణాలు సరిగ్గా రాసి 17ను 6తో గుణించడంలో 112 వేశాను” అనో రాయండి. మూడు రోజుల తర్వాత ఎడమ పేజీ మాత్రం చూస్తూ లెక్క చేయండి. వస్తే పదో రోజున, మళ్లీ వస్తే నెల తర్వాత చేయండి. ఏ దశలో రాకపోయినా మళ్లీ మూడో రోజు నుంచి లెక్క మొదలవుతుంది. నెల రోజుల్లో ఆ కుడి పేజీలు వరుసగా చదువుకుంటే ఒకే రకం వాక్యం పదేపదే కనిపిస్తుంది. గత ఏడాది నా దగ్గర చదివిన ఒకమ్మాయి పుస్తకంలో నలభై తప్పులుంటే, వాటిలో పంతొమ్మిది ప్రశ్నలో చివరి వాక్యం సరిగ్గా చదవకపోవడం వల్ల వచ్చినవి. ఆమెకు కావలసింది ఇంకో చాప్టర్ కాదు. జవాబు గుర్తించే ముందు ప్రశ్నలో చివరి వాక్యాన్ని మళ్లీ చదవడం అలవాటు చేశాం, రెండు నెలలు పట్టింది, కానీ అలవాటైంది.

ఇక బీటెక్ వాళ్లతో పోటీ గురించి. మీ భయం నాకు అర్థమవుతుంది. ఎందుకంటే మన విజయవాడ, గుంటూరు ప్రాంతంలో గణితం వచ్చిన పిల్లలంటే ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నవారే అనే మాట చిన్నప్పటి నుంచి వింటూ పెరుగుతాం. కానీ క్యాట్ క్వాంట్‌లో అవకలనం, సమాకలనం లేవు, త్రికోణమితి దాదాపు కనిపించదు. ఎక్కువ ప్రశ్నలు అంకగణితం నుంచి, బీజగణితం నుంచి వస్తాయి. శాతాలు, లాభనష్టాలు, వడ్డీ, నిష్పత్తి, భాగస్వామ్యం, సగటు వంటివన్నీ మీరు ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో చదివినవే, బీకాంలో రోజూ వాడినవే. మీకు నిజంగా కొత్తగా నేర్చుకోవలసినవి సంవర్గమానాలు, ప్రమేయాలు, అసమానతలు, ప్రస్తారాలు సంయోగాలు. వీటికి రెండు నెలలు కేటాయిస్తే సరిపోతుంది. జ్యామితికి పదో తరగతి పాఠ్యపుస్తకంలోని సరూప త్రిభుజాలు, వృత్తాలు మళ్లీ చదవండి, ఉదాహరణలతో సహా.

పైగా ఎంపీసీ చదివి ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) రాసి వచ్చినవారికి ఒక ఇబ్బంది ఉంది, దానిని వదిలించడానికి నాకు చాలా సమయం పడుతుంది. ఎంసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, తప్పుకు మార్కు పోదు. రెండేళ్లపాటు ప్రతి వారం అలాంటి పరీక్షలు రాసి, ప్రశ్న చూడగానే సూత్రం మీదికి దూకడం, ఏ బిట్టునూ వదలకపోవడం వారి చేతికి అలవాటైపోతుంది. ఉదాహరణకు ఎక్స్ మైనస్ 2 మాడ్యులస్, ఎక్స్ మైనస్ 7 మాడ్యులస్, ఈ రెండింటి మొత్తం 5 అయ్యే పూర్ణాంకాలు ఎన్ని అని అడిగితే, బీటెక్ విద్యార్థి వెంటనే మూడు కేసులు రాసి, గుర్తులు మార్చి సాధిస్తాడు. మాడ్యులస్ అంటే దూరం అని తెలిసినవారు, రోడ్డు మీద 2వ కిలోమీటరు రాయి, 7వ కిలోమీటరు రాయి ఉన్నాయనీ, వాటి మధ్య దూరమే 5 అనీ, కాబట్టి ఆ రెండు రాళ్ల మధ్య ఎక్కడ నిలబడినా రెండు దూరాల మొత్తం 5 అవుతుందనీ, బయటికి వెళ్తే పెరుగుతుందనీ చూసి, 2 నుంచి 7 దాకా ఆరు పూర్ణాంకాలు అని పావు నిమిషంలో చెబుతారు. మొత్తం 5కు బదులు 4 అని అడిగితే అసలు జవాబే లేదని కూడా వారికి వెంటనే తెలుస్తుంది. ఇలా చూడడానికి ఇంటర్ గణితం అక్కరలేదు.

ప్రశ్నను వదలడం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ మార్కుల్లో అన్నిటికన్నా త్వరగా మార్పు తెచ్చేది ఇదే. క్వాంట్‌కు 40 నిమిషాలు, 22 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 109 సెకన్లు. అన్నీ చేయమని ఆ పరీక్ష ఎవరినీ అడగడం లేదు. సరైన జవాబుకు మూడు మార్కులు, ఆప్షన్లున్న ప్రశ్నలో తప్పు జవాబుకు ఒక మార్కు కోత. మీ పన్నెండూ ఆప్షన్లున్న ప్రశ్నలే అనుకుంటే, ఆరు ఒప్పు, ఆరు తప్పుతో వచ్చేది 12 మార్కులు. ఆ ఆరు తప్పుల్లో మూడింటిని మొదటి నిమిషంలోనే వదిలేసి, మిగిలిన సమయాన్ని చేయగలిగిన ఇంకో రెండు లెక్కలకు పెట్టి ఉంటే ఎనిమిది ఒప్పు, మూడు తప్పు, అంటే 21 మార్కులు. కొత్తగా ఒక్క చాప్టరూ చదవకుండానే ఇంత తేడా వస్తుంది.

అందుకని మాక్ టెస్టులో మొదటి నుంచి వరుసగా చేయకండి. మొదటి చుట్టులో 22 ప్రశ్నలనూ చూస్తూ, చదవగానే దారి తోచినవి మాత్రమే చేసుకుంటూ పోండి. దీనికి ఇరవై నుంచి ఇరవై అయిదు నిమిషాలు పట్టనివ్వండి. దారి తెలుసు గానీ పని ఎక్కువ అనిపించినవాటిని గుర్తుపెట్టి, రెండో చుట్టులో వాటి దగ్గరికి రండి. చదివి ఒక నిమిషం గడిచినా మొదటి అడుగు తోచకపోతే ఆ ప్రశ్నను ఆ రోజుకు వదిలేయాలి. అప్పటికే రెండు నిమిషాలు పెట్టాను కదా అన్న బాధతో మూడో నిమిషం, నాలుగో నిమిషం పెట్టడమే చాలామందిని ముంచుతోంది. ఇది తెలివికి సంబంధించినది కాదు, అలవాటుకు సంబంధించినది. ఇంట్లో చేసేటప్పుడు కూడా వారానికి రెండుసార్లు, చేయడానికి కాకుండా కేవలం ఎంచుకోవడానికే ఒక పాత ప్రశ్నపత్రం తీసుకోండి. ఎనిమిది నిమిషాల్లో 22 ప్రశ్నలూ చదివి, చేయగలిగినవి, తర్వాత చూసేవి, వదిలేసేవి అని పక్కన గుర్తులు పెట్టండి. తర్వాత గడియారం లేకుండా అన్నీ చేసి, మీ గుర్తుల్లో ఎన్ని సరైనవో చూడండి. నెలలో మీ అంచనా ఎంత మెరుగవుతుందో మీకే తెలుస్తుంది.

ఊహించి పెట్టడం గురించి ఒక మాట. నాలుగు ఆప్షన్ల ప్రశ్నకు ఏమీ తెలియకుండా జవాబు పెడితే, నాలుగుసార్లలో ఒకసారి మూడు మార్కులు వస్తాయి, మూడుసార్లు ఒక్కో మార్కు పోతుంది, మొత్తం మీద లాభమూ లేదు, నష్టమూ లేదు. రెండు ఆప్షన్లను నిజమైన కారణంతో కొట్టివేయగలిగితే మాత్రం పెట్టడమే మేలు, అప్పుడు సగటున ప్రశ్నకు ఒక మార్కు మీవైపు ఉంటుంది. ఆప్షన్లు లేకుండా జవాబు టైపు చేయవలసిన ప్రశ్నల్లో తప్పుకు కోత లేదు, కాబట్టి కొంత దూరం చేసిన ఏ లెక్కనూ అక్కడ ఖాళీగా వదలకండి.

నోటి లెక్కల సాధనకు మీ రైలు ప్రయాణం చక్కగా పనికివస్తుంది. తెర మీద కాలిక్యులేటర్ ఇస్తారు గానీ, దానిని మౌస్‌తో ఒక్కో అంకె నొక్కుతూ వాడాలి, 48ని 15తో గుణించడానికి దాని దగ్గరికి వెళ్లేవారికి సమయం చాలదు. నంబూరు నుంచి మంగళగిరి వచ్చేలోపు ఒక రోజు ఎక్కాలు, ఒక రోజు వర్గాలు, ఒక రోజు భిన్నాలను శాతాలుగా మార్చడం పెట్టుకోండి. మన తాతల కాలంలో అంగళ్లలో పావు, అర, ముప్పావు, వీసం అంటూ నోటితోనే లెక్కలు కట్టేవారు. వీసం అంటే పదహారో వంతు, అంటే 6.25 శాతం. ఎనిమిదో వంతు 12.5, ఏడో వంతు సుమారు 14.28, పదకొండో వంతు సుమారు 9.09 అని ఇలా నాలుక చివర ఉంటే శాతాల లెక్కలు భిన్నాలుగా మారి చిన్నవైపోతాయి. క్వింటాలు మిర్చి ధర 25 శాతం పెరిగితే, మళ్లీ పాత ధరకు రావడానికి ఎంత శాతం తగ్గాలి? నాలుగో వంతు పెరిగింది, ఇప్పుడు నాలుగు వంతులు అయిదు అయ్యాయి, ఆ అయిదులో ఒకటి తగ్గాలి, అంటే 20 శాతం. ఆరో వంతు పెరిగితే ఏడో వంతు తగ్గాలి. ఇలాంటివి కాగితం లేకుండా రోజుకు పది చేయండి. రైల్లో నిలబడి కూడా చేయవచ్చు.

సాధన చేసే వేళ గురించి ఎవరూ చెప్పరు గానీ నాకు ముఖ్యమనిపించే విషయం ఒకటుంది. క్యాట్‌లో వెర్బల్ ముందు, డేటా, లాజిక్ తర్వాత, క్వాంట్ చివర వస్తాయి. అంటే ఎనభై నిమిషాలు అలిసిపోయాక మీ లెక్కలు మొదలవుతాయి. సాయంత్రం 4.30 విడత వస్తే క్వాంట్ మొదలయ్యేసరికి 5.50 అవుతుంది. మీరేమో తెల్లవారుజామున అయిదింటికి లేచి, మనసు తేటగా ఉన్నప్పుడు లెక్కలు చేస్తున్నానని రాశారు. కొత్త విషయం నేర్చుకోవడానికి ఆ వేళ మంచిదే, దానిని మార్చవద్దు. కానీ వారానికి మూడు రోజులైనా ఆఫీసు నుంచి వచ్చాక, ముందు ఒక గంట పాసేజీలు, పట్టికల సెట్లు చేసి, ఆ అలసటలోనే 40 నిమిషాల క్వాంట్ పరీక్ష పెట్టుకోండి. మొదటి రెండు వారాలు మార్కులు ఇంకా తగ్గుతాయి, దానికి భయపడకండి. పరీక్ష రోజు మీరు ఎలా ఉంటారో ఆ స్థితిలో ఏ తప్పులు చేస్తారో అప్పుడే బయటపడుతుంది, ఆ తప్పులు నోట్‌బుక్‌లోకి ఎక్కాలి.

క్యాట్‌తో పాటు మన రాష్ట్ర ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ కూడా రాస్తానని చివర్లో రాశారు. రెండింటికీ పాఠం ఒకటే గానీ లయ వేరు. ఐసెట్‌లో 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 45 సెకన్లు, తప్పుకు కోత లేదు. ఇక్కడ నేర్చుకున్న వదిలేసే అలవాటును అక్కడికి తీసుకువెళ్లకండి, ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా ఉండకూడదు. క్యాట్ అయ్యాక ఐసెట్‌కు ముందు మూడు నాలుగు వారాలు పాత ఐసెట్ పత్రాలను గడియారం పెట్టుకుని చేస్తే ఆ వేగం అందుతుంది. ఇప్పటి నుంచే రెండింటినీ కలిపి చేయవద్దు.

ఈ ఆదివారం ఉదయం పాత ఇరవై లెక్కల పరీక్ష పెట్టుకోండి. సాయంత్రం 2024 మొదటి విడత క్వాంట్ పత్రాన్ని 40 నిమిషాల్లో, పైన చెప్పిన రెండు చుట్ల పద్ధతిలో రాయండి. ఎన్ని ఒప్పు, ఎన్ని తప్పు, ఏ ప్రశ్న మీద మూడు నిమిషాల కన్నా ఎక్కువ సమయం పెట్టారు, తప్పు పోయిన ప్రతిదానికీ మీ కుడి పేజీలో ఏం రాశారు అన్నవి ఇక్కడ పెట్టండి. ఆ వాక్యాలు చూస్తే, ముందు అంకగణితం మీద కూర్చోవాలో, చదివే తీరు మీద కూర్చోవాలో ఖచ్చితంగా చెప్పగలను.